వణికే చేతుల సెట్టర్

కరోనా సద్దుమణిగి మళ్ళీ టోర్నమెంట్లు మొదలైన 2022 వేసవి. మైదుకూరు హైస్కూల్ గ్రౌండులో వాలీబాల్ పోటీలు. నేను అంపైర్‌ని. నెట్టు పక్కన నిచ్చెనలాంటి స్టాండు ఉంటుంది కదా, దాని మీదికెక్కి ఈల వేసేవాణ్ణి.

బతుకుతెరువుకు సైకిల్ షాపు నడిపాను గానీ, నీ వృత్తి ఏమిటని ఎవరైనా అడిగితే ఇప్పటికీ జేబులోంచి ఈలే తీసి చూపిస్తాను. నా చదువు ఐదో తరగతితో ఆగింది. రూల్స్ పుస్తకం ఇంగ్లీషులో ఉంటే, పక్కన డిక్షనరీ పెట్టుకుని, పంక్చర్లు వేస్తూ వేస్తూ కూడబలుక్కుని చదివాను. నలభై ఏళ్ళలో కర్నూలు నుంచి కడప దాకా నా ఈల వినని గ్రౌండు తక్కువ. ఇప్పుడు ట్రాక్‌సూట్ల అంపైర్లు వచ్చారు. ఒక కన్ను బంతి మీద, ఇంకో కన్ను ఫోను మీద. వాళ్ళు నన్ను అడుగుతారు, "తాతా, ఇంకా ఎన్నాళ్ళు ఎక్కుతావు ఆ స్టాండు?" అని. కాళ్ళు పనిచేసినన్నాళ్ళూ ఎక్కుతాను, మీ అబ్బ సొమ్మేం పోయింది అనేవాణ్ణి. మైదుకూరు ఫైనల్ చూశాక ఆ జవాబు ఒక్కటే చాలదని తెలిసింది. ఎందుకో చెప్పాలంటే ముందు మాబాషా సంగతి చెప్పాలి.

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. వాలీబాల్‌లో ఒక జట్టు బంతిని మూడుసార్లకు మించకుండా తాకి అవతలికి పంపాలి. మొదటివాడు అందుకుంటాడు, చివరివాడు కొడతాడు. మధ్యలో నిలబడి, కొట్టేవాడి చేతికి సరిగ్గా అందేటట్టు బంతిని లేపేవాడే సెట్టర్. కొట్టినవాడికి ఈలలు, కేకలు. లేపినవాడికి మాత్రం తప్పినప్పుడు తిట్లు. మన జనం న్యాయం అట్లా ఉంటుంది. పైగా సెట్టర్ రెండు చేతులూ బంతిని ఒకే క్షణంలో తాకాలి. ఒక చెయ్యి ముందు, ఒక చెయ్యి వెనక తగిలిందా, దాన్ని 'డబుల్ టచ్' అంటాం. ఈల వేసి పాయింటు అవతలివాళ్ళకు ఇచ్చేస్తాం. చేతులు వణికే సెట్టర్‌తో ఏ జట్టయినా గెలుస్తుందా అని అంతకుముందు ఎవరన్నా అడిగి ఉంటే, చెయ్యి లేని టైలర్ చొక్కా కుడతాడా అని ఎదురడిగి ఉండేవాణ్ణి.

ఫైనల్‌కు వచ్చినవి రెండు జట్లు. ఒకటి కడప కాలేజీ కుర్రాళ్ళది. పొడుగ్గా, చురుగ్గా, గుర్రప్పిల్లల్లా ఉన్నారు. రెండోది బనగానపల్లె వైపు నుంచి వచ్చిన బండల ఫ్యాక్టరీ కూలీలది. గనిలో తీసిన బండలను నున్నగా పాలీషు చేసి, లారీలకెత్తే మనుషులు. వాళ్ళ సెట్టర్ మాబాషా. వయసు నలభై దాటింది. మొదట్లో జట్టులోని మిగతావాళ్ళతో కలిసి గనిలో బండలు మోశాడు, ఆ తర్వాత పాలీషు మిషన్ పట్టాడు. ఆ మిషన్ రోజంతా చేతుల్లో అదురుతుంది. కొన్నేళ్ళు పోయాక మిషన్ ఆపినా అదురు ఆగదు, చేతుల్లోనే కాపురం పెడుతుంది. ఆటకు ముందు అతను నీళ్ళ బాటిల్ మూత తిప్పలేక పక్కవాడికిచ్చి తీయించుకోవడం చూశాను. ఆ మనిషే సెట్టర్ అని తెలిశాక జేబులోని ఈలను ఒకసారి తడుముకున్నాను. ఎందుకంటే ఆ చేతుల మీద ఈల ఊదాల్సింది నేనే.

నేను నెట్టు ఎత్తు కొలుస్తుంటే వాళ్ళ ఫ్యాక్టరీ యజమాని వచ్చాడు. అందరూ రెడ్డన్న అంటున్నారు. జట్టుకు జెర్సీలు కుట్టించింది, జీపు పెట్టింది ఆయనే. వాటితోపాటు నంద్యాల నుంచి ఒక కొత్త సెట్టర్‌ను కూడా తెచ్చి బెంచీ మీద కూర్చోబెట్టాడు.

"ఓబులేసూ, ఫైనల్ ఇది. మాబాషాను కూర్చోబెట్టి ఆ నంద్యాలాయప్పను దించు" అన్నాడు.

ఓబులేసు జట్టు కెప్టెన్. బాగా కొట్టేది అతనే. "ఈడిదాకా మాబాషన్నతోనే వచ్చినాం రెడ్డన్నా. ఈడ దింపేదేందబ్బా" అన్నాడు.

"చెంబు పట్టుకుంటే నీళ్ళు తొణుకుతాండాయి వానికి! బంతి యాడ లేపుతాడు?"

ఇంతలో మాబాషాయే ముందుకొచ్చాడు. "ఈ ఒక్క ఆట ఆడనీ రెడ్డన్నా. నా వల్ల ఓడితే మళ్ళా కోర్టులో కాలు పెట్టను. జెర్సీ నేనే ఇప్పి ఆయప్పకు ఇచ్చేస్తా."

రెడ్డన్న సరేనన్నాడు. మంచిదే కదా, ఓడితే పీడా పోతుందన్నట్టుంది ఆ మొహం. ఆదివారం సాయంత్రం కోర్టు తప్ప మాబాషాకు ఇంకో సరదా లేదని తర్వాత ఓబులేసు చెప్పాడు. తాగడు, పేకాడడు. వారమంతా మిషన్‌కు ఇచ్చిన చేతులను ఆ ఒక్క పూట బంతికి ఇచ్చుకుంటాడు.

మూడు సెట్ల ఆట. మొదటి సెట్టు చూడలేకపోయాను. మాబాషా నోరు మెదపకుండా ఆడుతున్నాడు. బంతి వేళ్ళకు తగలగానే పక్కకు జారుతోంది. నేను ఈల ఊదుతున్నాను. మళ్ళీ జారుతోంది, మళ్ళీ ఊదుతున్నాను. మైకు పట్టుకున్న కుర్రాడికి పండగయింది. "బంతికి చలిజ్వరం వచ్చినట్టుంది సోదరులారా, ఎవరన్నా దుప్పటి కప్పండి!" అన్నాడు. గ్రౌండంతా ఒకటే నవ్వు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నవ్వుతున్నవాళ్ళు ఇంటికి పోయి పడుకునేది ఎవరు నున్నగా చేసిన బండల మీద? ఆ నున్నదనం బండకు పోయింది, అదురు మాత్రం మనిషికి మిగిలింది. ఆ మైకు లాక్కుని నాలుగు మాటలు అనాలనిపించింది. కానీ నా కోపానికీ ఈలకూ సంబంధం ఉండకూడదు. తప్పు పడిన ప్రతిసారీ ఊదాను. ఆ సెట్టు కడపవాళ్ళు తీసుకున్నారు.

జట్లు అటూఇటూ మారేటప్పుడు నా స్టాండు కిందినుంచే పోవాలి. అక్కడ ఓబులేసు మాబాషాను నిలేశాడు.

"నోట్లో ఏం పెట్టుకోనుండావు మాబాషన్నా?"

"ఆ మైకోడు నవ్వుతాండాడు ఓబులేసూ. ఇంతమందిలో అరవాలంటే సిగ్గయితాంది."

"జారిందని నిన్నెప్పుడన్నా ఒక మాట అన్నామా? జారేముందు చెప్పకపోతివి చూడు, దానికి అంటాండా. గనిలో ఇట్లే నోరు మూసుకోనుంటే ఈ పొద్దు నాకు కాలుండేదా?"

నాకేమో ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆట అయ్యాక విడమరిచి చెప్పారు. పెద్ద బండను లారీకి ఎత్తేటప్పుడు నలుగురు నాలుగు మూలలు పట్టుకుంటారట. ఎవరి పట్టు ఎప్పుడు జారుతుందో ఆ మనిషికి తప్ప ఇంకొకరికి తెలియదు. అందుకని గనిలో ఒక కట్టుబాటు ఉంది. పట్టు జారేముందే "ఇడిసినా", అంటే వదిలేస్తున్నా, అని అరవాలి. ఆ మాట వినగానే మిగతా ముగ్గురూ ఎందుకు, ఏమి అని అడగకుండా బరువును తమ మీదికి తీసుకుంటారు. చెప్పి వదిలేస్తే తప్పు లేదు. చెప్పకుండా పట్టుకుని ఉండటమే తప్పు. అట్లా పరువుకు పోయి పట్టుకున్నవాడి వల్లనే పక్కవాడి కాలు నలుగుతుంది. ఈ ఆరుగురూ వాలీబాల్ కూడా ఆ కట్టుబాటు మీదనే ఆడుకుంటూ వచ్చారు.

రెండో సెట్టు మొదలైంది. బంతి మాబాషా మీదికి వచ్చింది. "ఎడం!" అని గట్టిగా అరిచాడు. బంతి నిజంగానే ఎడమకు జారింది, అక్కడ అప్పటికే ఓబులేసు గాల్లో ఉన్నాడు. ఇంకోసారి "పొట్టి!" అన్నాడు. బంతి సగం దూరంలోనే వాలింది, అక్కడా ఒకడు సిద్ధం. వేళ్ళు మరీ మాట వినకపోతే మోచేతుల కింది భాగంతో లేపి "ఎనక!" అనేవాడు. వెనక శీను అనే మనిషి, దూలం లాంటి వాడు, మాటా పలుకూ లేనివాడు, వచ్చి కొట్టేవాడు. నా జన్మలో సెట్టర్లను చాలామందిని చూశాను. తాము బంతిని ఎక్కడికి పంపుతున్నదీ దాచేవాళ్ళను చూశాను. తన చెయ్యి ఎక్కడ తప్పబోతోందో ఊరందరికీ వినపడేటట్టు ముందే చాటుకునేవాణ్ణి మాత్రం అదే చూడటం.

కడప కెప్టెన్ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "సార్, ఆయన అట్ల అరుస్తాంటే మేమెట్ల ఆడాల?"

"తన జట్టుకు చెప్పుకుంటాండాడు. దానికి రూల్ అడ్డం రాదు" అన్నాను.

"మాకూ వినపడతాంది గదా సార్!"

"వినపడితే వాడుకో నాయనా. ఎవరొద్దన్నారు?"

వాడుకోవాలనే చూశారు పాపం. ఎడం అనగానే బ్లాకర్లు, అంటే నెట్టు దగ్గర చేతులెత్తి అడ్డుకునేవాళ్ళు, ఎడమకు దూకేవాళ్ళు. కానీ ఎడమ అంటే ఎంత ఎడమ? జానెడా, బారెడా? అది మాటలో లేదు, గొంతులో ఉంది. ఆ గొంతులో ఎంత భయం పలికితే బంతి అంత దూరం పోతుంది. ఏళ్ళ తరబడి ఒకే బండ కింద నిలబడినవాళ్ళకు ఆ లెక్క తెలుసు. నిన్నమొన్న కలిసిన కాలేజీ పిల్లలకు ఎట్లా తెలుస్తుంది? రెండో సెట్టు కూలీలది. మైకు కుర్రాడి జోకులు అయిపోయాయి. ఒట్టి పాయింట్లు చెబుతున్నాడు.

మూడో సెట్టు పదిహేను పాయింట్లకు. ఒకరు ఒకటి తీస్తే ఇంకొకరు ఒకటి తీశారు. కూలీలు పద్నాలుగు, కడప పదమూడు. ఇంకొక్కటి వస్తే కూలీలు గెలిచినట్టు. పోతే సమానం, అప్పటికి మాబాషా చేతుల్లో సత్తువ మిగలలేదు. ఆ సంగతి పైనుంచి నాకు కనబడుతూనే ఉంది.

కడపవాళ్ళ సర్వీసును ఓబులేసు అందుకున్నాడు. బంతి పువ్వులా లేచి, నెట్టు దగ్గర మాబాషా నెత్తి మీదికి దిగుతోంది. అంత మంచి బంతి సెట్టర్‌కు ఆటలో ఒక్కటి వస్తే గొప్ప. గ్రౌండంతా లేచి నిలబడింది. మాబాషా రెండు చేతులూ ఎత్తాడు. ఆ చేతులతో పాటే కడప బ్లాకర్లు ఇద్దరూ మోకాళ్ళు వంచారు. నేను ఈల పళ్ళ మధ్య బిగించి ఆ వేళ్ళనే చూస్తున్నాను. శెనక్కాయల జల్లెడ ఆడించినట్టు ఆడుతున్నాయి. తాకితే డబుల్ టచ్, అనుమానం లేదు. ఊదక తప్పదు. ఆ మనిషి చివరి ఆటను నా నోటితోనే ముగించాల్సి వస్తుందే అనుకున్నాను.

"ఇడిసినా!"

ఆ కేకతో పాటే చేతులు కిందికి లాగేసుకుని తల వంచేశాడు. బంతి అతని జుట్టు పక్కనుంచి వెనక్కి పోయింది. మోసపోయిన బ్లాకర్లు అప్పటికే గాల్లోకి లేచిపోయారు. వెనక శీను ఉన్నాడు. ఎప్పుడు కదిలాడో నాకు తెలియదు, నేలకు ఆనేంత వంగి బంతిని లేపాడు. అది కొసాన ఉన్న ఓబులేసు మీదికి పోయింది. బ్లాకర్లు దిగి మళ్ళీ సర్దుకునేలోపే అతను పైకి లేచాడు. కొట్టిన దెబ్బ కడపవాళ్ళ కోర్టు నడిమధ్యన పడింది.

నేను ఈల ఊదాలి. గాలి రాలేదు. నలభై ఏళ్ళలో నా ఈల ఆలస్యమైంది ఆ ఒక్కసారే.

జనం కోర్టులోకి వచ్చిపడ్డారు. నేను స్టాండు దిగేసరికి రెడ్డన్న మాబాషా ముందు నిలబడి ఉన్నాడు.

"గెలిచిన బంతిని నువ్వు తాకనే లేదు కదప్పా!"

"తాకింటే ఓడింటిమి రెడ్డన్నా" అన్నాడు మాబాషా.

బెంచీ మీది నంద్యాల సెట్టర్ లేచి వచ్చాడు. ఒక నీళ్ళ బాటిల్ మూత తీసి, మాబాషా చేతికి కాకుండా నేరుగా నోటి దగ్గర పెట్టాడు. మాబాషా గుటగుటా తాగాడు.

నేను శీను దగ్గరికి పోయి ఆగలేక అడిగాను. "అంత మంచి బంతిని ఆయన వదిలేస్తాడని నీకెట్లా తెలుసు నాయనా?"

శీను నన్ను వింతగా చూశాడు. "తెలిసేదేముంది తాతా? ఇడిసినా అన్నాడు. బరువు నాదాయ."

ఆ రాత్రి బస్సులో వస్తూ ఆ మాటనే నెమరేసుకున్నాను. వణికే సెట్టర్‌తో జట్టు గెలుస్తుందా అంటే, గెలుస్తుంది. చెయ్యి వణుకుతున్నవాడు ముందుగా చెప్పుకోగలగాలి, విన్నవాళ్ళు ఎందుకని అడగకుండా అందుకోవాలి. రెండోది మొదటిదాని కన్నా అరుదు. ఇన్నేళ్ళ నా అనుభవంలో, కప్పులు గెలిచిన గట్టి చేతుల జట్లలో కూడా అది నాకు కనపడలేదు.

మరుసటి వేసవి బనగానపల్లెలో పోటీలు. అప్పటికి నా ఎడమ కంటికి మసక మొదలైంది. అంతకుముందు నేనైతే నోరు మూసుకుని స్టాండెక్కి, అంచనా మీద ఈల ఊది, ఎవరన్నా గొణిగితే కసురుకునేవాణ్ణేమో. ఆ రోజు ఎక్కబోయే ముందు లైన్‌మన్‌ను, అంటే గీత దగ్గర జెండా పట్టుకుని నిలబడేవాణ్ణి, పిలిచాను. ట్రాక్‌సూట్ మనిషే.

"ఆ ఎడమ మూల గీత నాకు కనపడటం లేదప్పా. ఆడ పడే బంతి నీది. నువ్వు జెండా ఎట్లా చూపిస్తే నేను అట్లా ఊదుతా."

అతను నా మొహంలోకి చూశాడు. ఇంకా ఎన్నాళ్ళు ఎక్కుతావు తాతా అని అడుగుతాడేమోనని ఎదురుచూశాను. అడగలేదు. చేతిలోని ఫోను జేబులో పెట్టుకుని, "నాదే తాతా, నువ్వెక్కు" అన్నాడు.

ఎక్కాను.