తాతయ్య వంతు రొట్టె

నా చిన్నప్పుడు, ఆదివారం ఆరాధన అయ్యాక మా చర్చి వరండాలో ఒక బెంచీ చుట్టూ జనం మూగేవారు. విజయవాడలో ఆసుపత్రి ఉద్యోగం చేసి రిటైరై, హనుమాన్ జంక్షన్ దగ్గర మా ఊరికి వచ్చేసిన నర్సమ్మ గారు అక్కడ కూర్చుని అందరికీ బీపీ చూసేవారు. పుండుకు కట్టు కట్టాలన్నా, బాలింతకు నీళ్ళు పోయాలన్నా, చనిపోయినవారికి స్నానం చేయించాలన్నా చర్చి సంఘంలో అందరూ ఆమెకే కబురు పెట్టేవారు. మా తాతయ్య మాత్రం ఆమెను ‘సూదమ్మ’ అనేవాడు. “సూదమ్మ వచ్చింది, పరిగెత్తండ్రా!” అని మమ్మల్ని నవ్వించేవాడు.

నేను ఐదో తరగతిలో ఉండగా ఆ తాతయ్యకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది. మాట పోయింది. మింగడం కూడా పోయింది. ఆసుపత్రిలో ఆహారం కోసం ముక్కులో గొట్టం వేసి, ఇక ఇంట్లోనే చూసుకోమని పంపేశారు.

మా సంఘంలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఇస్తారు. క్రీస్తును తలచుకుంటూ తీసుకునే ఒక రొట్టె ముక్క, గుక్కెడు ద్రాక్షారసం. తాతయ్య ఏ నెలా తప్పినవాడు కాదు. మంచాన పడ్డవాళ్ళకు పాస్టరయ్య గారే ఇంటికి తెస్తారు. ఆ రోజు ఆయన మా గుమ్మంలోకి రాగానే తాతయ్య ఎడమ చెయ్యి ఎత్తి తన నోరు చూపించాడు. అప్పటికే తాతయ్య దగ్గరున్న నర్సమ్మ గారు లేచి, పెట్టవద్దన్నారు.

“ఒక్క ముక్కేగా సిస్టర్ గారూ. ప్రభువే చూసుకుంటాడు” అన్నాడు మా బాబాయి.

“ప్రభువు చూస్తాడు బాబూ. అది ఊపిరితిత్తుల్లోకి పోతే దగ్గలేక గిలగిల్లాడేది మీ నాన్న.”

“ఇన్నేళ్ళు నర్సు పని చేసి ఏం లాభమండీ మరి?”

“ఏమో బాబూ. ఇలాంటప్పుడు నాకూ అట్లాగే అనిపిస్తది.”

తాతయ్య చెయ్యి దించలేదు. అయ్యగారు పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయారు. బాబాయి గోడవైపు తిరిగాడు. మా ఇంట్లో అంతమంది పెద్దవాళ్ళు, ఒక్కరికీ ఏం చేయాలో తెలియకపోవడం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు.

నర్సమ్మ గారు చేతులు కడుక్కుని, తడి గుడ్డతో తాతయ్య నోరంతా మెల్లగా తుడిచారు. తర్వాత అయ్యగారిని అడిగి, దూదిని ద్రాక్షారసంలో ముంచి, గట్టిగా పిండి, తాతయ్య పెదవులకు అద్దారు. రొట్టె ముక్కను ఆ పెదవులకు తాకించి నానమ్మ చేతిలో పెట్టారు.

“వదినా, ఇది అన్నయ్య వంతు. నువ్వు తిను.”

నానమ్మ బిత్తరపోయింది. “ఆయన తినకుండా నేనేనాడైనా తిన్నానా?”

తాతయ్యే ఎడమ చేత్తో నానమ్మ మణికట్టు పట్టుకుని ఆమె నోటివైపు నెట్టాడు. నానమ్మ ఏడుస్తూ నమిలింది. ఆ ముక్క దిగేదాకా తాతయ్య చూపు ఆమె గొంతు మీదే ఉంది. దిగాక కళ్ళు మూసుకున్నాడు.

పెరట్లో కుళాయి దగ్గర నర్సమ్మ గారు గుడ్డ ఉతుకుతుంటే, తాతయ్యకు తగ్గిపోతుందా అని అడిగాను. ఇంట్లో అందరూ తగ్గిపోతుందనే చెప్పేవారు.

“తగ్గదు నాన్నా. రేపు మళ్ళీ వస్తా” అన్నారు.

“మరి రేపు ఎందుకొస్తారు?”

“నోరు ఎండిపోతది కదా. తుడవాలి.”

రోజూ వచ్చి తుడిచారు. మళ్ళీ బల్ల ఆదివారం రాకముందే తాతయ్య పోయాడు. ఆఖరి స్నానం కూడా ఆవిడే చేయించారు.

ఇప్పుడు నేను కొండపల్లి దగ్గర యంత్రాల మరమ్మతు పనిలో ఉన్నాను. యంత్రం ఆగితే వరసగా చూసుకుంటూ పోతాం: కరెంటు, ఆయిలు, బేరింగు. ఎక్కడో ఒకచోట లోపం దొరుకుతుంది. లోపం తెలిసినా బాగుచేయలేనివి మనుషుల్లో ఉంటాయని నేను నేర్చుకున్నది ఆ రోజే. దాన్ని ఎలా ఓర్చుకోవాలో మాత్రం ఇప్పటికీ నాకు తెలియదు. సంఘంలో ఎవరైనా అలా మంచాన పడితే వెళ్తాను. తగ్గిపోతుందని చెప్పడానికి నోరు రాదు. శుభ్రమైన గుడ్డ ఏదైనా ఉందా, నీళ్ళెక్కడున్నాయి అని అడుగుతాను.