రెండు డబ్బాల సముద్రం

లక్ష్మీరాజం కాళ్లకు చక్రాలున్నాయని సిరిసిల్లలో అందరూ అనేవారు. సాంచాలు, అంటే మరమగ్గాలు, బాగుచేయడం అతని పని. ఎక్కడ సాంచా ఆగితే అక్కడికి పరుగు. నలభై ఏళ్లు వచ్చినా కుదురుగా కూర్చుని అన్నం తిన్న పాపాన పోలేదు. రెండో ముద్దకే లేచి రేడియో విప్పేవాడు, మూడో ముద్దకు పక్కింటివాళ్ల సైకిల్ విప్పేవాడు. విప్పినవన్నీ తిరిగి బిగించాడా అన్న మాట భార్య చంద్రవ్వను అడక్కపోవడమే మంచిది.

తొంభై రెండులో, ఎండలు ఇంకా రాకముందు, బట్టల ఎగ్జిబిషన్‌కు మూటల వెంట విశాఖపట్నం వెళ్లాడు. సముద్రం చూడటం అదే మొదలు. వెంట వచ్చినవాళ్లు అలలు చూస్తుంటే ఇతను రాళ్ల సందుల్లో నిలిచిన నీళ్ల ముందు గొంతుక్కూర్చున్నాడు. ఒక రాయికి అతుక్కుని నాలుగు జీవాలున్నాయి, అచ్చం పూలలాగా. వేలు పెడితే ముడుచుకున్నాయి, తీస్తే మెల్లగా విచ్చుకున్నాయి. పూటంతా అక్కడే కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగాక అంతసేపు ఎక్కడా కూర్చోలేదని లేచేటప్పుడు గాని తట్టలేదు. ఆ నిమ్మళాన్ని ఇంటికి తీసుకుపోవాలన్న ఆశ పుట్టింది.

ఇక ఊరుకుంటాడా? రెండు పెద్ద డబ్బాల నిండా సముద్రపు నీళ్లు, చిన్న క్యానులో ఆ రాయి, ఒక చారల చేపపిల్ల పెట్టుకుని రైలెక్కాడు. కాజీపేటలో దిగి బస్సెక్కితే, డబ్బాల్లో ఏముందని కండక్టర్ అడిగాడు. సముద్రమన్నాడు. కండక్టర్ లగేజీ టికెట్ కొట్టి ముందుకు పోయాడు.

అద్దాల కొట్టు లింగమూర్తి దగ్గర కిటికీలకు కోయగా మిగిలిన ముక్కలు తెచ్చి తొట్టి అతికించాడు. బుడగల మోటారు కొనే స్తోమత లేదు. కొన్నా, ఆ రోజుల్లో కరెంటు చుట్టపుచూపుగా వచ్చేది. అందుకని పాత లారీ ట్యూబులో సైకిల్ పంపుతో గాలి నింపి, దానికి సెలైన్ గొట్టం తగిలించాడు. గాలి సన్నగా పోయి నీళ్లలో బుడగలు వచ్చేవి. ఎండు రొయ్యలు కడిగి, దంచి, చిటికెడు వేసేవాడు. ఒక డబ్బా తొట్టిలో పోసి, రెండోది దాచాడు. రాయి మీద పూలు విచ్చుకున్నాయి. వాడంతా వచ్చి చూసింది, నీళ్లు నాలుకకు రాసుకుని మరీ పోయింది. చంద్రవ్వకు మాత్రం ఒకటే హుకుం.

"మంచినీళ్ల సుక్క పడ్డా సస్తయి. నువ్వు ముట్టకు."

ఎండలు ముదిరాయి. రేకుల ఇల్లు కావడంతో తొట్టిలో రోజూ వేలెడు నీళ్లు తగ్గేవి. లక్ష్మీరాజం పద్మశాలి బిడ్డ, అతని లెక్క తేలిక. నలభై నంబరు నూలు పోగు తెగితే నలభై నంబరే అతకాలి, లేకపోతే గుడ్డ పాడవుతుంది. తగ్గింది సముద్రపు నీళ్లు, పోయాల్సిందీ అవే. దాచిన డబ్బాలోంచి రోజూ చెంబెడు పోశాడు.

నెల తిరక్కుండానే పూలు ముడుచుకున్నాయి. ఇక అతనికి కాలు నిలవలేదు. సగం బిగించిన బోల్టు వదిలేసి ఇంటికి ఉరికొచ్చేవాడు. రాయిని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. గాలి పెంచాడు, తగ్గించాడు. తడిగుడ్డ కప్పాడు, తీశాడు. ఒక పొద్దున చేపపిల్ల పక్కకు ఒరిగి తేలింది. సాంచా ఆగిందని దాని ఆసామి మనిషిని పంపినా కదల్లేదు.

"నేనే తెచ్చిన, నేనే సంపిన," అని గోడకు ఆనుకుని ఏడ్చాడు. ఆ ఏడుపులో నాటకమేమీ లేదు.

చంద్రవ్వ తొట్టి దగ్గరికి వచ్చింది. అద్దం అంచున పేరుకున్న తెల్లటి పొరను గోటితో గీకి నాలుక మీద వేసుకుంది. తర్వాత నీళ్లలో వేలు ముంచి చప్పరించి, ముఖం చిట్లించి ఉమ్మేసింది.

"చారు మసిలి ఇగిరితె నీళ్లు పోతయి. ఉప్పు పోతదా? నువ్వు దాంట్ల మల్ల ఉప్పుచారే పోస్తున్నవు."

అతనూ నీళ్లలో వేలు ముంచి చప్పరించాడు. ఎప్పటినుంచి తెలుసని అడిగితే, ఎండలు ముదిరినప్పటి నుంచీ అనుమానమేనని చెప్పింది.

"మరి ముందే చెప్పకపోతివి?"

"నువ్వడిగితివా? పదారేండ్లాయె నీతోని. ఒక్కనాడన్న ఒక్క మాట అడిగినవా?"

కోపంగా అనలేదు. బియ్యంలో రాయి ఏరి పక్కన పెట్టినట్టు అంది. అందుకే అతనికి ఎక్కువ తగిలింది.

బిందెడు బావినీళ్లు ఒక్కసారే కుమ్మరిద్దామని లేచాడు. ఆమె బిందె లాక్కుంది. పొద్దున ఒక చెంబు ఉప్పునీళ్లు తీసి ఒక చెంబు మంచినీళ్లు, మళ్లీ సాయంత్రం ఒకటి, అంతేనంది. ఇంట్లో ఉన్నంతసేపు అతను చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఉరిశిక్ష వేసినా అంత బాధపడేవాడు కాదు. మోకాళ్లు వాటంతటవే ఊగేవి. మూడు పూలు ఒకదాని తర్వాత ఒకటి నల్లబడ్డాయి. వాటిని చంద్రవ్వే తీసి పారేసింది. నాలుగోది మూసిన పిడికిలిలా ఉండిపోయింది.

ఏడో రోజు సాయంత్రం అది ఒక పక్కన కొంచెం విచ్చుకుంది.

లక్ష్మీరాజం లేవబోయాడు, లేవలేదు. చంద్రవ్వ చేతిలో చెంబు ఉంది.

"ఇంకో చెంబు పొయ్యాల్నా, సాలా?" అన్నాడు.

నిజంగానే అడుగుతున్నాడా అని ఆమె అతని ముఖంలోకి చూసింది. తర్వాత చెంబు కింద పెట్టి, అతని పక్కన కూర్చుంది.

"సాలు," అంది.