లిట్మస్ మాస్టారు

మనిషి ఎదురైతే చేతులు జోడించడానికి ముందే జేబులో చెయ్యి పెట్టే జబ్బు భానుమూర్తి మాస్టారిది. ఆ జేబులోంచి వచ్చేది పొడుం డబ్బీ కాదు, చుట్టా కాదు, లిట్మస్ కాయితం. నూజివీడు హైస్కూల్లో సైన్సు చెప్పే మనిషి, పిల్లలకి చూపించి ఊరుకోవచ్చుగా! ఊరుకుంటే ఆయన భానుమూర్తి ఎందుకవుతారు? ఎవరి చెయ్యో, బుగ్గో కాస్త తడిపి కాయితం అద్దేసేవారు. నీలం కాయితం ఎర్రబడితే "ఆమ్లం! శుభం!" ఎర్రది నీలమైతే "క్షారం! ఏం సబ్బు రుద్దుతున్నావయ్యా?"

"మనిషి చర్మం మీద సన్నటి పులుపు పొర ఉంటుందే కాత్యాయనీ. అదే కోటగోడ. సబ్బులో క్షారం ఆ గోడని పడగొడుతుంది. ఇక దురదలూ, పొలుసులూ దండెత్తి వస్తాయి" అని భార్యకి రోజూ పాఠం.

"కోట సంగతి తర్వాత. గిన్నెలో మజ్జిగేదండీ?" అనేది కాత్యాయని.

మజ్జిగ అప్పటికే ఆయన ముఖానికి ఉండేది. ఆవిడ తమ్ముడు వెంకట రమణ ఓసారి బెజవాడ నుంచి వాసనసబ్బు తెచ్చాడు. మాస్టారు దాన్ని తడిపి, కాయితం అద్ది, నీలంగా మారిన ముక్కని బావమరిది ముక్కు ముందు ఆడించారు.

"చాకలిసోడాకి చుట్టమేనోయ్ ఇది. అత్తరు రాసుకుని వచ్చింది, అంతే!"

"బావగారూ, మీ ఇంటికి రావాలంటే స్నానం మజ్జిగతో చేసి రావాలా ఏంటి?"

"కాస్త పల్చగా చేసుకో, బాగుంటుంది" అన్నారాయన.

ఇంతకంటే ఘోరం బడి తనిఖీ నాడు జరిగింది. ఇన్‌స్పెక్టరు గారు ఎండలో చెమటలు కక్కుతూ జీపు దిగారు. హెడ్మాస్టరు దండ వేశారు. మాస్టారు ఆయన నుదుటి మీద కాయితం అద్దారు. "అభినందనలండీ, తమరు దివ్యమైన ఆమ్లం!" అన్నారు. తల పట్టుకున్న హెడ్మాస్టరు సాయంత్రం దాకా చెయ్యి తియ్యలేదని చెప్పుకున్నారు. ఆ కబురు విన్న కాత్యాయని వారం రోజులు పేరంటాలకి వెళ్ళలేదు. ఎలా వెళుతుంది పాపం? ఆడవాళ్ళందరూ పసుపు రాసుకోవడం మానేసి చేతులు చాపి "మాకూ అద్దించమ్మా" అని నవ్వేవారు.

అరవై రెండు వేసవిలో, కాయ దిగే రోజుల్లో, నాగమణి రాలిన మామిడికాయల బుట్టతో వీళ్ళ గుమ్మంలోకి వచ్చింది. బుచ్చయ్యగారి మామిడి షెడ్డులో కాయల తొడిమలు విరిచే కూలి మనిషి. చేతుల నిండా నల్లటి మచ్చలు, చెంప మీద పొలుసులు. చూడగానే కాత్యాయని అడుగు వెనక్కి పడింది.

"అరుగు మీద పెట్టెయ్యవే" అంది.

నాగమణికి ఆ మాట అర్థమైంది. కళ్ళు తుడుచుకుంది. "మీరూ అంతేనా అమ్మగారూ? బుచ్చయ్యగారు పనిలోకి రావద్దన్నారండి. పెద్దరోగమంటండి, కుష్టంటండి. ఇయ్యాలో రేపో పేటలోంచి కూడా పొమ్మంటారు. ఇద్దరు పిల్లల్నేసుకుని ఎక్కడికి పోనండి?"

లోపల్నించి మాస్టారు ఊడిపడ్డారు. చేతిలో కాయితం!

"ఏదమ్మా, చెయ్యి చాపు."

"రామరామ! ఇప్పుడా మీ సరదా?" అంది కాత్యాయని. ఆవిడకి నిజంగానే ఒళ్ళు మండింది.

ఆయన వినలేదు. ఒక్కో మచ్చనీ తడిపి కాయితం అద్దారు. నాగమణి మధ్యమధ్యలో "స్.. స్.." అని చెయ్యి లాక్కుంటోంది. ఎర్రకాయితాలన్నీ నీలమయ్యాయి.

"దేంతో కడుగుతున్నావమ్మా?"

"చాకలిసోడాతోనండీ. తొడిమ విరగ్గానే సొన చిమ్ముద్దండి. జిగురు వదలాలి కదండీ. షెడ్డులో అందరం సోడానే రుద్దుతామండి."

"హారి మీ అసాధ్యం కూలా! సొన కాల్చిన చోట సోడా వేసి మళ్ళీ కాలుస్తున్నారా? కాత్యాయనీ, పైకండువా అందుకో. షెడ్డుకి పోదాం."

బుచ్చయ్య ఊరి మామిడితోటలు పాటకి పట్టిన ఆసామి. మంచి మాటకారి. "కాయితం ముక్క రోగం లేదంటే నేను నమ్మాలా మాస్టారూ? మద్రాసు వెళ్ళే సరుకండీ ఇది!"

"నమ్మొద్దు. ఇది చూడు" అని మాస్టారు వరసపెట్టి షెడ్డులో ఆడవాళ్ళందరి చేతులకీ అద్దుకుంటూ పోయారు. వెంకాయమ్మకి నీలం. సరోజకి నీలం. అందరికీ నీలమే! "ఈ మచ్చ రోగమైతే నీ షెడ్డంతా రోగమేనయ్యా. ఇవాళే తాళం వేసెయ్యి."

బయట లారీవాడు హారను మోగిస్తున్నాడు. ఆడవాళ్ళు కాయలు వదిలేసి బుచ్చయ్య ముఖంలోకి చూస్తున్నారు. బుచ్చయ్య గొంతు సవరించుకున్నాడు. "సర్లేమ్మా నాగమణీ, కూర్చో. సోడా మాత్రం ఆపెయ్యి."

"ముందు కొబ్బరినూనె రాసి సొన తుడవాలి. తర్వాత పల్చటి మజ్జిగ!" అని మాస్టారు ఉపన్యాసం అందుకున్నారు.

తిరిగొస్తుంటే దారిలో కాత్యాయని అడిగింది. "నిజం చెప్పండి. ఆ కాయితానికి పెద్దరోగం సంగతి తెలుస్తుందా?"

"దాని మొహం! పులుపూ సోడా తప్ప దానికేం తెలుసు?"

"మరి అంత ధైర్యంగా ఎలా చెప్పారు?"

మాస్టారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "కాయితం మూలతో మచ్చ మీద గుచ్చుతానే. ఆ రోగమైతే అక్కడ స్పర్శ ఉండదు. నాగమణి ప్రతి మచ్చకీ చెయ్యి లాక్కుంది, చూశావుగా? స్పర్శ లేనివాళ్ళని మెల్లిగా డాక్టరు దగ్గరికి తీసుకుపోతాను. మందులున్నాయి, తగ్గుతుంది. కానీ 'నీకు ఆ రోగం ఉందేమో చూస్తా' అన్నామనుకో, చూడకముందే ఊరు వెలేస్తుంది. పిచ్చి మాస్టారు కాయితం అద్దితే నవ్వుకుని వదిలేస్తుంది."

"అందుకని ఊరందరికీ అద్దుతారా!"

"కొందరికే అద్దితే అనుమానం రాదూ?"

కాత్యాయనికి ఇన్నేళ్ళూ ఈయన్ని చూసి సిగ్గుపడ్డందుకు మనసు చివుక్కుమంది. "మరి ఇన్‌స్పెక్టరు గారికి?" అంది చివరికి.

"అది సరదాకేనే" అని ఒప్పుకున్నారు మాస్టారు.

మర్నాడు తెల్లారకుండానే బుచ్చయ్య గుమ్మంలో నిలబడ్డాడు. పొడుగు చేతుల చొక్కా, మెడదాకా బొత్తాలు. చెమటలు పడుతున్నాయి. "ఊరికే వచ్చానండీ. నాక్కూడా ఆ కాయితం ఓసారి…" అంటూ చొక్కా చెయ్యి పైకి లాగాడు. మోచేతి మీద పావలా అంత పాలిపోయిన మచ్చ ఉంది. అతను దాన్ని ఎన్నాళ్ళుగా దాచుకుంటున్నాడో, ఎంత బెదిరిపోతున్నాడో ముఖంలో తెలిసిపోతోంది.

మాస్టారు మచ్చ తడిపి, బుచ్చయ్యని వీధి వైపు చూడమని, కాయితం అద్దారు. కాత్యాయని తలుపు పట్టుకుని కాయితం మూల వైపే చూస్తోంది.

"అబ్బా! గుచ్చుకుంటోందండీ!" అని బుచ్చయ్య ఎగిరిపడ్డాడు.

"గుచ్చుకుందా? ఎంత చల్లటి మాటన్నావయ్యా!" అని కాత్యాయని ఆనందం పట్టలేక, ఆ రోజుకి మిగిలిన ఒక్క గ్లాసు మజ్జిగా తెచ్చి అతని చేతిలో పెట్టింది.

బుచ్చయ్య ఆ గ్లాసు వంకా, మాస్టారి వంకా మార్చి మార్చి చూశాడు.

"ఇది తాగాలాండీ, పూసుకోవాలాండీ?"