వెనక సీటులో అమ్మీ

మా తమ్ముడు సలీం సైనిక్‌పురిలో ఫంక్షన్ హాల్ నడుపుతాడు. గేటు నుంచి ఎత్తు ఎక్కలేని పెద్దవాళ్ల కోసం గోల్ఫ్ కార్ట్ కొన్నాడు. “పోయేదే నాలుగడుగులు, చిన్న లిథియం బ్యాటరీ చాలక్కా” అంటూ ఒక్కడే నడిపి చూసుకున్నాడు.

మొదటి పెళ్లికే చుట్టాలు “జెర జరుగుండ్రి” అంటూ ఆరుగురు పట్టే బండిలో కిక్కిరిసిపోయారు. వెనక్కి తిరిగి ఉండే చివరి సీటులో అమ్మీ, నేను. సగం ఎత్తులో ఆ బరువుకు బ్యాటరీ చేతులెత్తేసింది. బండి వెనక్కి జారసాగింది. గేటు బయట లారీలు మా ముఖాల మీదికొస్తున్నాయి. సలీం బ్రేకు మీద లేచి నిలబడ్డా ఆగలేదు. “యా అల్లా” అని కళ్లు మూసుకున్నాం. బండి గేటు దిమ్మెకు గుద్దుకుని ఆగింది.

పెద్ద బ్యాటరీ వేయించాక సలీం, “ఇప్పుడు పొద్దంతా నడుస్తది అమ్మీ” అన్నాడు.

“పొద్దంతా ఎందుకు బేటా? అందరిని ఎక్కించి గీ ఎత్తు ఎక్కనీ. వెనక సీట్ల నువ్వు కూసో.”