కౌంటరెక్కిన కోడి

వేయించిన కోడిమాంసం అమ్మే దుకాణం ముందు ఆయన ఉద్యోగం కోడి వేషం. ఒంటినిండా పసుపు బొచ్చు, నెత్తిన ఎర్ర జుట్టు, కాళ్ళకు చేటలంత పంజాలు. తన జాతినే నూనెలో వేయిస్తున్న చోటికి రెక్కలూపి మరీ జనాన్ని పిలిచే కోడిని చూస్తే ఎవరికి నవ్వు రాదు? లోపలున్న మనిషికి మాత్రం తలప్రాణం తోకకొచ్చేది. పిల్లలు ఆ తోక కూడా పీకేవారు.

మరో పని దొరికేదాకా అని చేరి, అక్కడే ముసలివాడవుతున్నాడు. ఆ పనికి ఒకటే కట్టుబాటు: కోడి తల తగిలించుకున్నాక నోరు విప్పకూడదు. కోడి మాట్లాడితే పిల్లలు జడుసుకుంటారని మేనేజరు సిద్ధాంతం. ఎవరేమడిగినా మెడ ఆడించాలి, బొటనవేలు చూపాలి, గెంతాలి. గెంతి గెంతి మోకాళ్ళు అరిగిపోయాయి. లోపల కౌంటర్లో పని ఇప్పించమని కాళ్ళావేళ్ళా పడితే, చివరికి మేనేజరు ఒక మధ్యాహ్నం అవకాశమిచ్చాడు.

"ఇవాళ సరిగ్గా చేశావంటే రేపట్నుంచి ఇక్కడే ఉందువుగానిలే అన్నా."

మొదట వచ్చినావిడ, "కారం తక్కువుండేది ఏది బాబూ? పిల్లాడికి" అంది.

సమాధానం ఆయనకు తెలుసు. కానీ నోటికంటే మెడ ముందు కదిలింది. రెండు చేతులూ నడుముకు ఆనించి, మెడ ముందుకీ వెనక్కీ ఆడించి, బొటనవేలు చూపించాడు. వరుసలో నిలబడ్డవాళ్ళంతా గొల్లున నవ్వారు. తర్వాతివాళ్ళకీ అంతే. మాట గొంతుదాకా వచ్చేలోపే చేతులు లేచిపోయేవి.

"వేళాకోళం చాలన్నా. నీకు బయటే బాగుంటుంది" అంటూ మేనేజరు కోడి తల తెచ్చి చేతిలో పెట్టాడు. ఆయనకు ఏడుపొచ్చింది. అదీ ఆ తలలోపలే ఏడ్చాడు.

సాయంత్రం ఉసూరుమంటూ ఇల్లు చేరాడు. భార్య కంచం పెట్టి, "ఉప్పు సరిపోయిందా?" అంది. ఇంట్లోనూ ఏళ్ళ తరబడి అదే అలవాటు, మెడ ఊపాడు. "ఇంకాస్త వెయ్యనా?" మళ్ళీ మెడే ఊపబోయి ఆగిపోయాడు. మధ్యాహ్నం ఆ వరుస నవ్విన నవ్వు చెవుల్లో మోగింది. ఎలాగో నోరు పెగల్చుకున్నాడు.

"మోకాళ్ళు పోయాయే. ఎప్పట్నుంచో నొప్పి. లోపల పని అడిగాను, మాట రాక పోగొట్టుకున్నాను. రేపు మళ్ళీ గెంతాలి. ఇంక నావల్ల కావట్లేదు."

ఆవిడ గరిటె కింద పెట్టింది. తిడుతుందేమో అనుకున్నాడు.

"మోకాళ్ళా?" అంది, కళ్ళు తుడుచుకుంటూ. "ఇన్నేళ్ళూ నామీద కోపమనుకున్నాను."