ఇంజను కింది నట్టు

మా ఇంటాయన కారు ఎమ్మిగనూరు నుండి ఆదోనికి, ఆదోని నుండి ఎమ్మిగనూరుకు మనుషులను తిప్పేది. ఆయన పోయాక పది నెలలు అది రేకుల కొట్టం కింద అట్లే నిలబడిపోయింది. తోలడం నాకు వచ్చు. హొళగుంద దిక్కు చేల మధ్య బాటలో ఆయనే నేర్పించాడు, గేరు మార్చినప్పుడల్లా నన్ను తిడుతూ. లైసెన్సు కూడా ఉంది. నాకు పేరు రాయడం తప్ప చదువు రాదు గానీ, బోర్డు మీద బొమ్మ చూసి ఇది మలుపు, ఇది బడి అని చెప్పలేనంత మొద్దును కాదు.

ఒక బుధవారం మా మరిది వచ్చి కారు చుట్టూ తిరిగి చూశాడు. కొట్టం రేకులు కారి ముందు భాగమంతా వాన మరకలు పడి ఉన్నాయి.

"వదినా, దీని ఇంజను పట్టేసింటాది. ఆదివారం ట్రాక్టరు తెచ్చి పాత ఇనుము కింద గుజిరీకి లాక్కపోతా."

"నాకు బతకనీకి అదొక్కటే ఉండాదప్పా. నేను తోలుకుంటా."

"కదిలితే కదా తోలేది!"

"కదిలితే?"

వాడు నవ్వాడు. "ఆదివారం నేనొచ్చేతలికి స్టార్టయిందంటే దాని జోలికి రాను. కాలేదంటే మాత్రం నువ్వు అడ్డం పడగూడదు."

"సరే పో," అన్నాను.

మరునాడు పొద్దున్నే బస్సెక్కి ఆదోనికి పోయాను. పత్తి మార్కెట్టు వెనక మా ఆయనకు తెలిసిన మెకానిక్ షెడ్డు ఉంది. పెద్దాయన, గడ్డమంతా తెలుపు. ఒక లారీ ఇంజను మొత్తం విప్పి నేల మీద పరుచుకొని కూర్చున్నాడు. నా మాట విని తల అడ్డంగా ఊపాడు.

"ముందు సెల్ఫ్ కొట్టొద్దమ్మా. వాన నీళ్లు దిగుంటే ఆయిలు కిందికి చేరింటాయి. అట్లే తిప్పితే లోపలంతా ఖతం. ఇంజను కింద ఆయిలు దించే నట్టు ఒకటుంటాది. అది ఇప్పి పాతదంతా దించేయ్. కొత్తది పోసినాక తిప్పు."

"నువ్వొచ్చి ఇప్పకూడదా అన్నా?"

"దీన్ని ఇట్ల పెట్టుకోని యాడికొచ్చేదమ్మా? సోమారం దాకా లేసే పని లేదు. నువ్వే ఇప్పు, ఉల్టా తిప్పితే ఊడొస్తాది. చక్రాలకు రాళ్లు పెట్టు, ఒట్టి జాకీని నమ్మొద్దు."

కొత్త ఆయిలు, ఫిల్టరు కొనుక్కొని తిరిగి వచ్చాను. జాకీతో ముందు భాగం లేపి రెండు పక్కలా బండలు పేర్చాను. వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాను. ఆయన పానాల సంచి తెచ్చుకున్నాను.

ఇక ఉల్టా సంగతి. చదువుకున్న వాళ్లు గడియారం ముల్లు లెక్క చెబుతారు. ఆయన నాకు నేర్పింది గుడి లెక్క. ప్రదక్షిణం చేసే దిక్కు తిప్పితే బిగింపు, దానికి ఉల్టా తిప్పితే ఊడడం. డబ్బా మూతకైనా, బ్యాటరీ నట్టుకైనా ఆ లెక్క నాకు ఎప్పుడూ తప్పలేదు. అందుకని వాకిట్లో గుడి చుట్టూ తిరిగినట్లు ఒక చుట్టు తిరిగి, దానికి ఉల్టా ఎటో చూసుకొని, ముగ్గుపిండితో ఇంజను కింద నేల మీద ఒంపు బాణం వేశాను. దాని పక్కనే వెల్లకిలా పండుకొని, బాణం చూసుకుంటూ పానా తిప్పాను.

కదలలేదు. చేతులతో లాగాను, కాలితో తన్నాను, సుత్తితో కొట్టాను. గురువారం సాయంత్రం గడిచింది, శుక్రవారం పొద్దునా గడిచింది. కండ్లలో తుప్పు రాలింది. నట్టు మూలలు అరిగి పానా జారడం మొదలైంది. జారినప్పుడల్లా నా వేళ్ల కణుపులు ఆయిలు చాంబరుకు కొట్టుకొని చర్మం లేచిపోయేది. ఆ నట్టును నేను తిట్టిన తిట్లు ఇక్కడ చెప్పను. ఎందుకంటే నేను చెబుతుంటే ఇది రాస్తున్నది మా పక్కింటామె. ఆమె అవి రాయనంటోంది.

ఈమెది మగ్గం పని. శుక్రవారం భోజనానికి లేచి, ఊరగాయ సీసా పట్టుకొని నా దగ్గరికి వచ్చింది.

"ఏమక్కా, కారు కింద కాపురం పెట్టినావా?"

"నవ్వొద్దు మే. రెండు దినాలాయ ఇది ఊడక."

"ఎటు తిప్పుతాండావు?"

"ఉల్టాకే. బాణం ఏసింటి సూడు."

ఆమె ఒంగి బాణం చూసింది, నట్టు చూసింది. చేతిలోని సీసా మూత గట్టిగా ఉందో లేదో చూసుకొని, సీసాను తలకిందులు చేసి బాణం మీద పట్టుకుంది.

"ఇప్పుడు ఈ మూతను నీ బాణం పోయే దిక్కుకే తిప్పక్కా."

తిప్పాను. మూత ఇంకా బిగిసింది.

"గుడి సుట్టూ నేల మీద నిలబడి తిరుగుతారు. నట్టు తల కిందికుండాది, కింద నుంచి సూస్తే దిక్కు మారిపోతాది. మగ్గం గుంతలో కూసోని పైకి సూసి తాళ్లు కట్టేటప్పుడు మాకూ ఇట్లే తప్పు పోతాది."

రెండు దినాలు నా బలమంతా పెట్టి నేను బిగించింది దాన్నే! నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆమె మాత్రం పడీ పడీ నవ్వి, "రాయలసీమంతా ఎతికినా ఇంత గట్టిగా బిగించిన నట్టు ల్యాదక్కా," అంది.

దిక్కు తెలిసింది గానీ మూలలు అరిగిపోయాయి. మెకానిక్‌కు ఫోన్ చేశాను. నా తప్పు విని ఆయన కాసేపు దగ్గుతూ నవ్వాడు.

"డీజిలు పూసి రాత్రంతా నాననీమ్మా. దానికంటే రవ్వంత చిన్న బాక్సు పానా ఉంటే సుత్తితో కొట్టి తలకు ఎక్కించు. పానా కాడకు ఇనప పైపు తొడుగు. ఒకేసారి గుంజొద్దు, ఊపు ఇచ్చుకుంటా పో. కొత్త నట్టు రేప్పొద్దున బస్సులో పంపిస్తా."

శనివారం పొద్దున మళ్లీ కిందికి దూరాను. పానా ఎక్కించి, బోరు పైపు ముక్క ఒకటి తొడిగి, ఒక కాలు బండకు తన్నిపెట్టి లాగాను. లేదు. మళ్లీ లాగాను. పైపు చివర వేళ్లాడినంత పని చేశాను. టక్కుమంది. పానా విరిగిందనుకొని కండ్లు మూసుకున్నాను. తెరిచి చూస్తే పైపు జానెడు జరిగి ఉంది.

మిగిలింది చేత్తోనే తిప్పాను. నట్టు ఊడి గిన్నెలో పడింది. మొదట సన్నగా నీళ్లు వచ్చాయి. మెకానిక్ చెప్పినట్లే, తేట నీళ్లు. ఆ వెనకే నల్లటి ఆయిలు మోచేతి దాకా పారింది. గురువారం ఒక్కసారి సెల్ఫ్ కొట్టి ఉంటే నా కారు గుజిరీకే.

ఆయిలంతా దిగేదాకా కూర్చున్నాను. ఫిల్టరు మార్చి, బస్సులో వచ్చిన నట్టును ముందు వేళ్లతో, తర్వాత పానాతో బిగించాను, ఈసారి దిక్కు చూసుకొని. కొత్త ఆయిలు పోశాను. బండలు తీసి కారును నేలకు దించి, బ్యాటరీ చార్జింగు చేయించి తెచ్చి బిగించాను.

ఆదివారం పది గంటలకు మరిది ట్రాక్టరుతో దిగాడు. గొలుసు తీసి భుజాన వేసుకున్నాడు. నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. మొదటిసారి గుర్రుమని ఆగింది. రెండోసారీ అంతే. మరిది గొలుసు పట్టుకొని ముందుకు వచ్చాడు. మూడోసారి దగ్గి, నల్లపొగ వదిలి, ఇంజను అందుకుంది. కొట్టం రేకులన్నీ గడగడలాడాయి.

వాడు నా వెనక ఎవరైనా మగమనిషి ఉన్నాడేమోనని చూశాడు.

"ఎవరు బాగు చేసినారు వదినా?"

కట్లు కట్టిన చేయి కిటికీలోంచి బయటకు పెట్టాను.

"అయితే రేపట్నుంచి నువ్వే తోలుతావా?"

"రేపెందుకు? ఈ పొద్దే పోతాండా ఆదోనికి. వస్తావా?"

వాడు గొలుసును ట్రాక్టరు మీద పడేసి వెనక సీట్లో ఎక్కాడు. పక్క సీటు వాడికి ఇవ్వలేదు, అందులో మా పక్కింటామె కూర్చుంది. ఊరు దాటాక వెనక నుండి మెల్లగా అన్నాడు, "వదినా, మూడో గేరు ఎయ్."