మా ఇంట్లో మాటలు చావవు

మా ఇంట్లో ముఖ్యమైన మాటలేవీ ఇంట్లో మాట్లాడుకోం. మేడ మీదకి వెళ్తాం, లేదంటే చెరకు తోటలోకి. మరీ పెద్ద విషయమైతే నాన్న బండి తీసి, "రాయే, కొండకర్ల ఆవ దాకా ఎల్లొద్దాం" అంటాడు. చూసేవాళ్లకి తండ్రీకూతుళ్లు చెరువులో పక్షుల్ని చూడ్డానికి వచ్చినట్టుంటుంది. నిజానికి మేం తమ్ముడికి వినపడనంత దూరం వచ్చామంతే.

తమ్ముడికి ఆటిజం. ముప్ఫై దాటాయి. తనంతట తాను మాట కూర్చుకుని ఏదైనా అడగడం దాదాపు రాదు. ఆకలేస్తే కంచం తెచ్చి మన చేతిలో పెడతాడు. కానీ వాడు విన్న మాట పోదు. ఎవరన్నారో వాళ్ల గొంతుతో, వాళ్ల దగ్గుతో, మధ్యలో కుక్కర్ కూసి ఉంటే ఆ కూతతో సహా, ఎన్నేళ్లకైనా దింపేస్తాడు. ఎప్పుడు దింపుతాడో ఎవరికీ తెలీదు. అడిగితే అస్సలు అనడు. వీధిలో వాడికి పెట్టిన పేరు టేప్‌రికార్డరు.

"దేవుడిచ్చిన వరమమ్మా, నువ్వు బాధపడకూడదు" అంటుంది పక్కింటావిడ. వరమట! ఆ ఇచ్చినాయన ఒక్క వారం మా ఇంట్లో ఉండి చూస్తే తెలుస్తుంది. ఏ గోడకీ చెవులక్కర్లేని ఇల్లు మాది. విసుగులో అన్న మాట, జ్వరంలో అన్న మాట, భార్యాభర్తలు తలుపేసుకుని అనుకున్న మాట, అన్నీ ఆ వసారాలో కుర్చీ మీద ఊగుతూ కూర్చుని ఉంటాయి. అందుకే మా బంధువులు రావడం తగ్గించారు. వచ్చినా వానల గురించీ చెరకు టన్ను ధర గురించీ మాట్లాడి లేచిపోతారు.

నా పెళ్లి సంబంధం సంగతి చెబితే మీకు బాగా అర్థమవుతుంది. అబ్బాయి వాళ్లది బెల్లం వ్యాపారం. వాళ్లు వచ్చే రోజు తమ్ముణ్ణి మా చిన్నాన్న పొలానికి తీసుకెళ్లిపోవాలని ముందే అనుకున్నాం. వాన పట్టుకుంది. చిన్నాన్న రాలేకపోయాడు. వాణ్ణి వెనక గదిలో పెట్టి, చేతికి రేడియో ఇచ్చారు. రేడియోలో బ్యాటరీలు అయిపోయాయి కాబోలు, సరిగ్గా కాఫీలు అందిస్తున్నప్పుడు వాడు హాల్లోకొచ్చి నిలబడి, నాన్న గొంతుతో, ముందు నాన్న దగ్గే దగ్గు కూడా దగ్గి, "ఆళ్లు హైడ్రోస్ కొట్టీసి నల్ల బెల్లాన్ని పచ్చగా సేసీ రకం. అయినా ఏటి సేత్తాం, పిల్లనిచ్చీసి కళ్లు మూసుకోవడమే" అన్నాడు.

బెల్లానికి రంగు రావాలని ఆ పొడి వేస్తారని అనకాపల్లిలో చిన్నపిల్లలకీ తెలుసు. వేసేవాళ్ల మొహం మీద ఎవరూ ఆ మాట అనరు, అంతే. అబ్బాయి తండ్రి కాఫీ గ్లాసు కింద పెట్టి, నాన్న వైపు చూసి, "మీ గొంతే బావా" అన్నాడు. వాళ్లు వెళ్లాక అమ్మ ఏడ్చింది. నాకు మాత్రం నవ్వొచ్చింది, ఆ అబ్బాయి మొహం నాకూ నచ్చలేదు కనుక. తరవాత వచ్చిన సంబంధాలవాళ్లకి ఈ కథ మాకంటే ముందే చేరిపోయేది. అప్పుడు నవ్వు రాలేదు.

విశాఖపట్నంలో ఓ డాక్టరు నాకు ఓపిగ్గా చెప్పాడు. మన మెదడు విన్నదాన్ని విన్నట్టు ఉంచుకోదట. భావం తీసుకుని, మిగతాది పారేస్తుందట. వీడి మెదడు ఆ పారేసే పని చెయ్యదు. నేను అచ్యుతాపురంలో మందుల కంపెనీ ల్యాబులో పని చేస్తాను. పొద్దున్న కంపెనీ బస్సులో కూర్చుని ఫోన్లో ఇలాంటివే చదువుతుంటాను. మాట పుట్టకముందు మనుషులందరికీ ఇలాంటి జ్ఞాపకం ఉండేదేమో, భాష వచ్చి దాని చోటు ఆక్రమించిందేమో అని కొందరి ఊహ. కోతి జాతుల్లో ఒక్క చూపుకే అంతా గుర్తుంచుకునేవి ఉన్నాయట. కాదు, అదంతా వట్టి ఊహే అనేవాళ్లూ ఉన్నారు. ఏది నిజమో నాకు తెలీదు. నాకు అర్థమైంది మా ఊరి లెక్కలో ఇదీ: మనందరం విన్న మాటల్ని కాచి, పైన తేలిన మురికి తీసేసి, బెల్లం దిమ్మ కట్టుకుంటాం. వాడి దగ్గర చెరకు రసం రసంగానే ఉండిపోయింది.

అమ్మ పోయాక ఓ విచిత్రం జరిగింది. వాడు నాన్నని దింపాడు, నన్ను దింపాడు, పాలబ్బాయినీ బస్సు హారన్‌నీ దింపాడు. అమ్మని మాత్రం ఒక్కసారి కూడా దింపలేదు. అమ్మ ముఖం ఫొటోల్లో ఉంది. గొంతు ఎక్కడా లేదు. ఫోన్ ఎత్తి వీడియో అంటే చాలు, కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పారిపోయే మనిషి. కొన్నాళ్లకి ఆ గొంతు ఎలా ఉండేదో నాకు సరిగ్గా గుర్తు రావడం మానేసింది. మాటలు గుర్తున్నాయి, గొంతు లేదు. నా మెదడు తన పని తాను చేసేసింది.

ఈ మధ్య కంపెనీ హైదరాబాదులో కొత్త ల్యాబు పెట్టింది. దానికి నన్ను హెడ్డుగా వెళ్లమన్నారు. శుక్రవారం లోపల చెప్పమన్నారు. నాకు వెళ్లాలనిపించింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఎగిరి గంతేసినంత పనైంది. గదిలో కూర్చుని ఫోన్లో గట్టిగా మాట్లాడుకోగలగడం, కోపమొస్తే ఓ మాట అనేసి మర్చిపోగలగడం, నాకు అంతకంటే పెద్ద కోరికలు లేవు.

ఆవ గట్టు మీద కూర్చుని నాన్నకి చెప్పాను.

"ఎల్లు. మీ అత్త ఒచ్చి ఉంటానంది. ఆడికి అన్నం అదెడతాది, మిగతాది నాను సూత్తాను."

"నువ్వొక్కడివీ పట్టుకోలేవు నాన్నా."

"నువ్వు ఇక్కడే ముసిలిదానివైపోతే సూడగలనేటి? ఎల్లమంటన్నాను గదా."

ఆ ఆదివారం మధ్యాహ్నం అటక మీంచి సూట్‌కేస్ దించాను. వాడితో ఏమీ అనలేదు. ఎవరూ అనలేదు. బట్టలు సర్దుతుంటే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. కాసేపు సూట్‌కేస్ వైపు చూశాడు. తరవాత ముక్కుతో చిన్నగా "హుఁ" అన్నాడు. అమ్మ ఏ మాటైనా ముందు అలా అని మొదలుపెట్టేది. చేతిలో చీర అలాగే ఉండిపోయింది.

"ఏడవకురా నాయినా. అక్క కంపెనీ బస్సెక్కింది గదా, సాయంత్రానికి ఒచ్చీత్తాది. ఎక్కడికెల్తాది? నువ్వున్నావు గదా. నువ్వే లేకపోతే అదెప్పుడో ఎగిరెల్లిపోయీది. నీ పున్నేన అది నాకు దక్కింది."

రోజూ పొద్దున్న నన్ను బస్సెక్కించి ఇంట్లోకెళ్లి అమ్మ వాడితో అనే మాట కాబోలు అది. నాకు వినిపించకూడని మాట. నా పెళ్లి కాలేదని వీధంతా వినేలా ఏడ్చిన మనిషి, లోపల ఇంత సంతోషంగా ఉందా? ఒళ్లు మండిపోయింది. అదే సమయంలో, చెప్పడానికే కష్టంగా ఉంది, ఆ గొంతు ఎంత బాగుందో. కాస్త బొంగురుగా, చివర్న నవ్వు కలిసి. అచ్చం అమ్మ.

"ఒరే, మళ్లీ అనరా" అన్నాను. "ఒక్కసారి అనరా బాబూ."

వాడు ఊగుతూ ఎర్నాకుళం రైలు ఆలస్యంగా వస్తుందని స్టేషన్ మైకు గొంతుతో చెప్పాడు.

సూట్‌కేస్ చూసి ఆ మాట బయటికొచ్చిందా, నన్ను ఆపడానికి వాడే వెతికి తీశాడా? డాక్టరునడిగితే మొదటిదే అంటాడు. నాకు రెండోదనిపిస్తుంది, మళ్లీ కాదేమో అనిపిస్తుంది. బతికున్న మనిషైతే నిలదీసి పోట్లాడేదాన్ని. పోయిన మనిషి మాటతో ఎలా పోట్లాడతాం, అదీ ఎదుటివాడి నోట్లోంచి వస్తుంటే?

శుక్రవారం బస్‌స్టాప్‌లో నిలబడి మా ఆఫీసరుకి ఫోన్ చేసి, నాకు కుదరదండీ అని చెప్పాను. ఇంట్లోంచి చెయ్యలేదు. చేస్తే ఆ మాట నా గొంతుతోనే నాకు ముసలితనం దాకా వినపడుతుంది. తమ్ముడి కోసం ఉండిపోయిందని అందరూ మెచ్చుకుంటున్నారు. నాన్న మాత్రం నాతో మాట్లాడటం మానేశాడు. నిజంగా తమ్ముడి కోసమే అయితే బాగానే ఉండేది. ఆ గొంతు మళ్లీ ఎప్పుడొస్తుందో తెలీదు, వచ్చినప్పుడు నేను హైదరాబాదులో ఉండలేను. అమ్మ నన్ను దేనికి కట్టేసిందో తెలిసి కూడా, ఆ ముడి విప్పుకోవడం నా చేత కాలేదు.

ఆ సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చాను. వాడు వసారాలో కుర్చీలో ఊగుతున్నాడు. గేటు చప్పుడుకి ఊగడం ఆపి, ముక్కుతో "హుఁ" అన్నాడు.

"అదిగో, ఒచ్చీసింది సూడు. నాను సెప్పలేదేటి?"

నేను లోపలికొచ్చి గేటు గడియ పెట్టాను.